తిన్నాక చెప్పే మాట

భూమక్క నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటుంది. అనేవాళ్లలో అందరికన్నా ముందుండేది భూమక్కే. "నా నోరు నా మాట ఇనదు, నేనేం జెయ్యాలె" అని నవ్వేస్తుంది. ఆ నవ్వు ఆగకముందే ఇంకో ఇంటి గుట్టు విప్పేస్తుంది. అట్లాగని మనిషి చెడ్డదేం కాదు. ఎవరికి జ్వరం వచ్చినా కషాయం గిన్నె పట్టుకుని ముందుగా గడప తొక్కేది ఆమె. ఆ జ్వరం సంగతి వాడకంతా చేరవేసేది కూడా ఆమె. అలాంటి భూమక్క ఒక ఎండాకాలపు మధ్యాహ్నం, చేను నుంచి ఇంటిదాకా, ఒక్క మాటను నోట్లోనే పట్టుకుని నడిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అంత సేపు నోరు కట్టుకున్నది అదే మొదలు. కట్టుకోకుండా ఉంటే ఎంత బాగుండేదో.

వాళ్ల ఊరు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే రోడ్డు మీంచి కొంత లోపలికి ఉంటుంది. భూమక్క పక్కింటి కోడలు స్వరూప. ఆమె మొగుడు నర్సింహులు మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తాడు. ఇంట్లో అత్త ఎంకవ్వ, బడికి పోయే ఒక ఆడపిల్ల. బావగారు, నర్సింహులు అన్న హనుమాండ్లు అదే వాడలో వేరే ఇంట్లో ఉంటాడు, మంచీ చెడూ చూసుకునేది ఆయనే. వాళ్ల చేను ఊరికి దూరం, అడవి అంచున. బోరు నీళ్లు యాసంగి వరికి చాలవని, ఈసారి నువ్వులు చల్లమని నర్సింహులే అక్కడి నుంచి ఫోనులో చెప్పాడు. ఉగాది వెళ్లేసరికి చేను పూత మీదికి వచ్చింది. నువ్వు పువ్వును ఒక్కదాన్ని తెంపి చూస్తే ఏమంత గొప్పగా ఉండదు. తెల్లగా ఉందనబోతే లోపల ఊదా జీర కనపడుతుంది, ఊదా అనబోతే మళ్లీ తెల్లగానే అనిపిస్తుంది. చేను మొత్తాన్ని గట్టు మీద నిలబడి చూస్తే మాత్రం, ఊదా రంగు పల్చని చీర ఆరేసినట్టు, అడవి దాకా ఒకటే పరుపు.

ఆ రోజు స్వరూప నీళ్లు మళ్లించడానికి చేనుకు పోతుంటే, ఇంట్లో ఊరికే కూర్చోలేక భూమక్క కూడా వెంట పోయింది. స్వరూప చేను అవతలి కొసన పార పట్టుకుని ఉంది. భూమక్క చింతచెట్టు నీడన సద్దిమూటకు కాపలా కూర్చుంది. అప్పుడు ఆమె ఫోన్ మోగింది. హనుమాండ్లు.

"అక్కా, స్వరూప నీ తాన ఉన్నదా?"

"ఆడ నీళ్లు మళ్లేస్తున్నది. ఏంది తమ్మీ?"

"నర్సింలుకు పాణం బాగలేదంట. దవఖాన్ల ఏసిండ్రంట. ఆమెను ఇంటికి తోలుకొని రా. నేను ఎల్లారెడ్డిల ఉన్న, బయలెల్లుతున్న."

"ఏమైంది? ఎట్లున్నడు?"

హనుమాండ్లు గొంతు తగ్గించాడు. "ఫోన్ల ఏం చెప్పాలె అక్కా. జల్ది రాండ్రి. తొవ్వల ఆమెకేం చెప్పకు, ఆగమైతది."

ఫోన్ పెట్టేశాడు. భూమక్కకు ఇంకేం అక్కర లేకపోయింది. నర్సింహులు పోయాడు.

ఈ తట్టు పల్లెల సంగతి తెలియని వాళ్లకు, ఇంతలోనే అంత మాట ఎలా అనుకుంది అనిపించవచ్చు. ఇక్కడ చావు కబురును చావు కబురులాగా ఎవరూ చెప్పరు. పాణం బాగలేదంటారు. ఇంటికి తోలుకొని రమ్మంటారు. తొవ్వలో చెప్పొద్దంటారు. ఈ మూడు మాటలు వరసగా వచ్చాక మళ్లీ అడిగేవాడు అమాయకుడి కిందే లెక్క. భూమక్క తల్లి పోయినప్పుడు అట్లాగే చెప్పారు. ఆమె మొగుడు కామారెడ్డి దవాఖానలో పోయినప్పుడూ అట్లాగే చెప్పారు; ఇంటికి తెచ్చారట, మంచం మీద ఉన్నాడనుకుంటూ ఊళ్లో బస్సు దిగింది, వాకిట్లో జనాన్ని చూసి తెలుసుకుంది. నిజంగా జబ్బు పడ్డవాడి గురించి ఇట్లా గొంతు తగ్గించి మాట్లాడడం ఆమె ఎన్నడూ వినలేదు. జబ్బయితే ఏ జబ్బో చెప్తారు, ఏ డాక్టరో చెప్తారు, గొంతు పెద్దది చేసి మరీ చెప్తారు.

దానికి తోడు ఇంకో ఆనవాయితీ ఉంది. కబురు చెప్పే ముందు మనిషికి నాలుగు మెతుకులు తినిపించాలి. ఒకసారి ఏడుపు మొదలైందంటే పొయ్యి వెలగదు, ముద్ద దిగదు, దినాల దాకా నీళ్ల మీదే గడుస్తుంది. అందుకని కడుపులో ఇంత పడ్డాకనే ఏదైనా. మన వాళ్ల దయ ఇట్లాగే ఉంటుంది, ముందు తినిపించి తరువాత గుండె పగలగొడతారు.

భూమక్కకు ఈ విషయంలో ఒక మచ్చ కూడా ఉంది. వెనక ఒకసారి లింగంపేట బస్సు దగ్గర రామవ్వ అనే ఆమె కనపడితే, ఆమె తమ్ముడు పోయిన సంగతి నిలబడ్డ చోటనే అనేసింది. రామవ్వ రోడ్డు మీదే విరుచుకుపడి ముందు పళ్లు విరగ్గొట్టుకుంది. నీ నోరు పడిపోను అని ఊరు ఊరంతా తిట్టింది. ఆ తిట్లు భూమక్క నవ్వుతూనే భరించింది గానీ, లోపల ఎక్కడో ఆ పళ్లు ఇప్పటికీ ఆమెకు గుచ్చుకుంటాయి. ఈసారి ఏమైనా సరే, ఈ పిల్లను ఇంట్లో మనుషుల నడుమ కూర్చోబెట్టేదాకా నోరు విప్పొద్దని చింతచెట్టు కిందనే ఒట్టు పెట్టుకుంది.

జల్ది రమ్మన్నాడు సరే. తొందర దేనికి అనుకుంది భూమక్క. గల్ఫ్‌లో పోయిన మనిషి ఇల్లు చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. కంపెనీ కాగితాలు, ఎంబసీ కాగితాలు, విమానం, శంషాబాద్ నుంచి బండి. పోయినేడు పై వాడలో ఒక పిల్లగాడు పోతే, వాళ్ల అమ్మ నెల దాటినంక మొహం చూసుకుంది. ఇప్పుడు ఉరికిపోయి చేసేది ఏముంది? ఈ ఒక్క పూట అయినా ఈ పిల్లను నెమ్మదిగా ఉండనిస్తే ఎవరి సొమ్ము పోయింది?

"స్వరూపా, మోటరు బంద్ పెట్టి రా. తిందాం," అని కేకేసింది.

స్వరూప పార కడుక్కుని, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ముప్పై దాటింది గానీ నవ్వితే మొన్న పెళ్లయిన పిల్లలాగే ఉంటుంది. మూట విప్పితే జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు, ఒక డబ్బాలో పచ్చిపులుసు కలిపిన అన్నం. భూమక్క తన రొట్టె కూడా ఆమె ముందే పెట్టింది.

"ఇదేందక్కా, నువ్వు తినవా?"

"నాకు ఆకలైతలేదు. నువ్వు తిను."

"నీకు ఆకలి గాకపోవుడేంది?"

"తిను పోరి. మాట్లాడకుంట తిను."

స్వరూప తిన్నది. ఆకలి మీద ఉంది, తెల్లారకముందే మోటారు కోసం లేచిన మనిషి. ఒక్కో తునక తుంచి తొక్కులో అద్దుకుంటుంటే భూమక్క ఆ చేతులనే చూస్తూ కూర్చుంది. గాజులు మట్టి పట్టి ఉన్నాయి. వాటి వైపు చూడొద్దు అనుకుని చేను వైపు చూసింది, చేను చూడలేక మళ్లీ ఆ చేతుల వైపే చూసింది. అన్నం డబ్బా ఖాళీ అయ్యేదాకా వదిలిపెట్టలేదు.

ఇక ఫోన్ సంగతి. ఇట్లాంటప్పుడు ముందు చేయాల్సింది అదే. కబురు ఎట్లాగో పొక్కుతుంది, ఎవడో ఒకడు ఫోన్ చేసి 'గట్లయిందట గదా' అంటాడు, మనిషి చేనులోనే కూలబడుతుంది. "నా ఫోన్ల పైసల్ లేవు, మా బిడ్డతోని ఒక్క మాట మాట్లాడుత, నీది ఇయ్యి," అని తీసుకుంది. మోదుగ పొద చాటుకు పోయి పక్కనున్న బటన్‌ను వత్తి పట్టుకుంటే అది ఆరిపోయింది. తన ఫోన్ కూడా ఆపేసింది. రెండూ రొండిన దోపుకుని వచ్చింది. అంత నేర్పు తనకు ఎక్కడిదో ఆమెకే తెలియదు.

"పోదాం పా. నాకు తల తిరుగుతున్నది. ఇంటిదాక తోడు రా," అంది.

అబద్ధం ఆడినా అది అబద్ధంలా లేదు. నిజంగానే తల తిరుగుతున్న మొహం పెట్టుకుని ఉంది భూమక్క. స్వరూప చూసి బెదిరింది. ఇంకో మడి పారాల్సి ఉన్నా వదిలేసి, పార తుప్పల్లో దాచి, భూమక్క మోచెయ్యి పట్టుకుంది.

గట్టు వెంబడి నడిచారు. రెండు వైపులా మోకాళ్ల పైదాకా నువ్వు చేను. పువ్వు పువ్వుకూ తేనెటీగ ఉంది, చేనంతా సన్నగా మోగుతోంది. గాలి వేడిగానే ఉన్నా అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన వస్తోంది. వేరే రోజైతే భూమక్క ఈ పాటికి ఎవరి చేను ఎట్లా ఉంది, ఎవడి బోరు ఎండింది, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడింది, అన్నీ గడగడా చెప్పేసి ఉండేది. ఆ రోజు స్వరూపే చెప్తోంది.

"మా ఆయన పువ్వు పడంగనే చూపియ్యమన్నడక్కా. వీడియోల చూస్తడంట. రేపు రేపు అనుకుంట నేనే ఆగిన. ఇయ్యాల్ల నిండ పూసింది. ఏదీ ఫోన్ ఇయ్యి, చేస్త."

భూమక్క కాళ్లు ఆగాయి. "ఫోన్... చార్జింగ్ అయిపోయిందే. మా బిడ్డతోని మాట్లాడుతుంటనే బంద్ పడ్డది."

"పొద్దుగాలనే పెట్టిన గదా?"

"ముసలిదయ్యింది నీ ఫోన్."

"నీ దాంట్ల చేద్దాం."

"నాదాంట్ల పైసల్ లేవంటి గదనే."

స్వరూప నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, కడుపులో ఒక్క మాట దాచుకోలేని పక్కింటి మనిషి చెప్తే? ఒక రెమ్మ తెంపుకుంది, జడలో పెట్టుకోబోయి మళ్లీ ఏమనుకుందో చేతిలోనే పట్టుకుంది. "పోనీ, మాపటికి చేస్త. వచ్చే నెలల వస్తనన్నడు. అప్పటికి కోతకొస్తది. కోసి కట్టలు నిలబెట్టినంక చూస్తడు తియ్. పోయినసారి వచ్చినప్పుడు బిడ్డ ఆయన్ను చూసి సిగ్గుపడి నా ఎనక దాగింది. ఈసారి గట్ల కావద్దని రోజు ఫోన్ల మాట్లాడిపిస్తున్న."

భూమక్క పెదవి కొరుక్కుంది. మాట నాలుక చివర దాకా వచ్చింది. చెప్పేస్తే ఒక్క క్షణంలో ఈ నరకం తప్పుతుంది. చెప్పేసి, పిల్లను గుండెకు హత్తుకుని, ఇద్దరూ ఈ చేనులోనే కూర్చుని ఏడిస్తే ఎంత సుఖం. కానీ ఈ ఎండలో, ఒక్క ఆడమనిషిని, ఈ పిల్ల పడిపోతే ఎట్లా మోయను? రామవ్వ నోట్లో రక్తం గుర్తుకు వచ్చింది. మాటను మింగింది. మింగిన ప్రతిసారీ అది మళ్లీ గొంతులోకి వచ్చేది.

"ఏందక్కా, ఇయ్యాల్ల నోరు తెరుస్తలేవు? ఎండ దెబ్బ తాకినట్టున్నది నీకు," అంది స్వరూప. "గీ తొవ్వల వద్దు. వనంలకెళ్లి పోదాం, నీడ ఉంటది."

వనం అంటే పల్లె ప్రకృతి వనం. ఊరి బయట ముళ్లకంప ఉన్న సర్కారు భూమిలో వేశారు. ముందర ఇనుప కమాను, దాని మీద కాగితం పూల తీగ, తీగ కింద సగం కనపడే నాయకుల పేర్లు. లోపల కానుగ, వేప, నెమలినార, తురాయి, ఇటుకలు పరిచిన దారి, సిమెంటు బెంచీలు. ప్రారంభం రోజు పెద్దలు వచ్చి ఫొటోలు దిగారు, తరువాత మేకలు వచ్చాయి. కానీ చెట్లకు ఈ రాజకీయాలేం తెలియవు గదా, ఎవరు నీళ్లు పోసినా పెరుగుతాయి. ఉపాధి పనిలో ఆ గుంతలు తవ్వినవాళ్లలో స్వరూప, భూమక్క ఇద్దరూ ఉన్నారు. నాటిన నాటి నుంచి ఇద్దరిలో ఎవరూ ఆ నీడన ఒక్కసారి కూర్చున్నది లేదు. పని చేసే ఆడవాళ్లకు పార్కులో కూర్చునే తీరిక ఎక్కడిది?

"కూసో అక్కా. జరంత సేపు పండుకో. సల్లవడ్డంక పోదాం," అని స్వరూప ఒక కానుగ చెట్టు కింద ఆకులు ఊడ్చి జాగా చేసింది. బాటిల్‌లో మిగిలిన నీళ్లతో భూమక్క మొహం తుడిచింది. తన అబద్ధానికి ఆ పిల్ల చేస్తున్న సేవ చూస్తుంటే భూమక్కకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఎవరిని ఎవరు ఓదార్చాలి, ఎవరు ఓదారుస్తున్నారు!

పండుకోమని చెప్పిన మనిషే ముందు ఆవలించింది. చెట్టుకు ఆనుకుని మాట్లాడుతూ మాట్లాడుతూ ఒరిగింది. భూమక్క ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది. స్వరూప నిద్రపోయింది.

లేపాలా వద్దా? భూమక్క చాలా సేపు అదే ఆలోచించింది. లేపి ఇంటికి తీసుకుపోతే వాకిట్లో జనం ఉంటారు, ఆ తరువాత ఈ పిల్లకు ఇట్లాంటి నిద్ర ఎన్నేళ్లకు వస్తుందో. నిద్రలో కూడా పెదవుల మీద ఏదో నవ్వు ఉంది. పడుకోనీ, అనుకుంది. దేవుడు ఎట్లాగూ ఆపలేదు, నేను ఇంతైనా ఆపుతాను. కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది. తనకు తెలిసిన మేలు అదొక్కటే, దాన్ని మనసారా చేసింది.

అప్పుడే రోడ్డు మీద మోటార్ సైకిల్ చప్పుడు వినపడింది. కాగితం పూల సందుల్లోంచి చూసింది. హనుమాండ్లు. చేల వైపు, దుమ్ము లేపుకుంటూ, ఒక చేత్తో బండి, ఇంకో చేతిలో ఫోన్ చెవికి పెట్టుకుని పోతున్నాడు. కేక వేస్తే వినపడే దూరమే. భూమక్క నోరు తెరవబోయి మూసుకుంది. మగవాళ్లకు ఏం తెలుస్తుంది? ఎదురైన చోటే మొహం వేలాడేసి, ఈ పిల్ల ముందు వలవలా ఏడ్చేస్తాడు. కబురు చెప్పొద్దని నాకు చెప్పి, తానే చెప్పేట్టు ఉన్నాడు. ఒళ్లో ఉన్న తల మీద కొంగు కప్పి, తాను కూడా కొంచెం వంగింది. బండి దాటిపోయింది.

కాసేపటికి ఆ బండి మళ్లీ వెనక్కి పోయిన చప్పుడు వినిపించింది. భూమక్క ఈసారి తల కూడా ఎత్తలేదు.

స్వరూప ఉలిక్కిపడి లేచేసరికి నీడలు పొడుగయ్యాయి. "అయ్యో, గింత సేపు పండుకున్ననా? లేపద్దా అక్కా. బిడ్డ ట్యూషన్ నుంచి వచ్చేయాళ్ల అయింది," అని జుట్టు ముడి వేసుకుంటూ గబగబా నడిచింది. భూమక్క వెనక నడిచింది. ఊరు దగ్గరయ్యే కొద్దీ ఆమె అడుగులు బరువెక్కాయి. మొదటి ఏడుపు ఏ మూల నుంచి వినపడుతుందో అని చెవులు రిక్కించింది.

వినపడలేదు. వాడలో ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. స్వరూప వాళ్ల వాకిట్లో జనం లేరు. ఎంకవ్వ ఒక్కతే అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. కోడలిని చూసి, "ఇంత పొద్దు పోయిందేందే? పెద్దోడు రెండుమాట్ల వచ్చి పోయిండు నీ కోసం," అంది మామూలుగా. స్వరూప సరేనని మొహం కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.

భూమక్క గేటు దగ్గరే నిలబడిపోయింది. చావు ఇల్లు ఇట్లా ఉండదు. ఇంత సేపటికి ఆడవాళ్లంతా వచ్చి ఉండాలి, ఎంకవ్వ నేల మీద పొర్లుతూ ఉండాలి. అంటే? గుండెలో ఒక్కసారిగా ఏదో తేలికైంది. పోలేదేమో. నిజంగానే బాగలేదేమో. తానే ఏదేదో అనుకుందేమో. దేవుడా, నన్ను అబద్ధాలకోరును చెయ్యి, తెలివి తక్కువదాన్ని చెయ్యి, ఊరంతా నవ్వనీ, అని మొక్కుకుంది. ఆ మొక్కు పూర్తి కాకముందే హనుమాండ్లు బండి వచ్చి గేటు ముందు ఆగింది.

ఆయన దిగలేదు. బండి మీదే కూర్చుని భూమక్క మొహం చూశాడు.

"ఏడికి పోయిండ్రక్కా?"

"ఏం లేదు తమ్మీ, నడుసుకుంట వచ్చినం, వనంల జర..."

"రెండు ఫోన్లు బందయినయి."

"తొవ్వల ఎవలన్న చెప్తరని నేనే బంద్ పెట్టిన."

"ఏం చెప్తరు? చెప్పనీకి అప్పటికి ఏమున్నదని?" గొంతు పెంచబోయి, అరుగు వైపు చూసి తగ్గించాడు. "నేను నీకు ఫోన్ చేసినప్పుడు వాడు మంచిగనే మాట్లాడుతున్నడు. గుండెల నొప్పి అని తీసుకపోయిండ్రు. ఆపరేషన్ అన్నరు. లోపలికి పోయే ముందు స్వరూపతోని మాట్లాడుత అన్నడు. వాని దోస్తు ఆమెకు కొడుతనే ఉన్నడు. బంద్ అని వస్తే నాకు కొట్టిండు. అన్నా, ఒక్కసారి ఇంటామెను మాట్లాడియ్యి అని నర్సింలే అన్నడు నాతోని. నేను చేను కాడికి ఉరికిన. ఆడ లేరు. ఇంటికి ఉరికిన. ఈడ లేరు. జరంత ఆగుమని వాడు డాక్టర్లను గూడ బతిమాలిండంట. ఎంత సేపని ఆగుతరు?"

భూమక్క గేటు పట్టుకుంది.

"ఇప్పుడు తొవ్వల ఉండంగ మళ్ల ఫోన్ వచ్చింది," అన్నాడు హనుమాండ్లు. "అయిపోయిందట."

తిడితే బాగుండు. ఆయన తిట్టలేదు. ఏమని తిడతాడు? తొవ్వలో చెప్పొద్దన్నది ఆయనే. తమ్ముడికి గుండె నొప్పి అని ఒక్క మాట విప్పి చెప్పి ఉంటే భూమక్క రెక్కలు కట్టుకుని తెచ్చేది. ఫోనులో విప్పి చెప్పకూడదని ఆయనకు నేర్పినవాళ్లే, విప్పి చెప్పకపోతే చావేనని భూమక్కకూ నేర్పారు. ఇద్దరూ పద్ధతి తప్పలేదు.

స్వరూప చెంబుతో నీళ్లు తెచ్చింది. "రెండుమాట్ల వచ్చినవట బావా, ఏంది?"

హనుమాండ్లు చెంబు అందుకోలేదు. బండి దిగి, నేల చూస్తూ, "నర్సింలుకు పాణం బాగలేదంట స్వరూపా," అన్నాడు. తరువాత, అలవాటు కొద్దీ, "పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నవా?" అని అడిగాడు.

స్వరూప కూడా ఈ తట్టు పిల్లే. చెంబును మెల్లగా కింద పెట్టింది. "తిన్న బావా," అంది. అని, భూమక్క వైపు తిరిగి ఒక్కసారి చూసింది. తరువాత అక్కడే కూలబడింది.

అప్పుడు మొదలైంది ఏడుపు. ఎంకవ్వ చింతపండు చాట మీదే విరుచుకుపడింది. వాడంతా వచ్చింది. సంగతి విన్న ఆడవాళ్లు భూమక్క భుజం తట్టారు. ఎన్నడూ లేనిది ఒకామె, "కడుపుల ఇంత ఏసి, ఇల్లు చేరేదాక పొక్కనియ్యకుంట పట్టుకొచ్చింది. మంచి పని చేసింది భూమక్క," అంది. మిగతావాళ్లు ఔనన్నారు. ఇంతకాలం ఊరు పెట్టిన తిట్లలో ఏ ఒక్కటీ ఆమెకు ఆ మెప్పు తగిలినట్టు తగల్లేదు.

స్వరూప భూమక్క మెడను రెండు చేతులా చుట్టుకుని, ఆమె గుండెల మీద మొహం పెట్టుకుని ఏడుస్తోంది. ఎవరు విడదీయబోయినా వదలడం లేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక, చెవిలో చెప్పినట్టు అంది:

"పోయేటప్పుడు నన్ను యాది చేసుకున్నడో లేదో అక్కా. చేసుకుంటే ఒక్క ఫోన్ కొట్టకపోవునా?"

అరుగు మీద ఉన్న హనుమాండ్లుకు ఆ మాట వినపడింది. భూమక్క వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆయన చెప్పడు. ఆ మస్కట్ దోస్తును కూడా చెప్పనివ్వడు. భూమక్క ఊరుకుంటే చాలు. ఊరుకుంటే ఈ పిల్ల మొగుడు తనను తలుచుకోకుండానే పోయాడని బతికినన్నాళ్లూ అనుకుంటుంది. చెప్తే, తలుచుకున్నాడని తెలుస్తుంది, ఆ తలుచుకున్న వేళకు తాను ఎవరి ఒళ్లో పడుకుని ఉందో కూడా తెలుస్తుంది. రెండిట్లో ఏది తక్కువ దెబ్బో భూమక్కకు తోచలేదు. తోచే దాకా ఆగే ఓపిక కూడా ఆమెలో మిగల్లేదు.

"కొట్టిండు చెల్లె," అంది. "ఆపరేషన్‌కు పోయే ముందు నీతోని మాట్లాడాలని మస్తుసార్లు కొట్టిండు. నేనే నీ ఫోన్ బంద్ పెట్టిన. ఆయన అప్పటికే పోయిండనుకున్న."

స్వరూప ఏడుపు ఆగింది. కొడుతుందని భూమక్క ఎదురుచూసింది, కొట్టాలని కోరుకుంది. స్వరూప ఆమె మెడ చుట్టూ ఉన్న తన చేతులు ఒక్కొక్కటిగా తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆమె మొహం వైపు చూడలేదు. కొంచెం పక్కకు జరిగి, ఆ పక్కన కూర్చున్న ఇంకెవరో ఆడమనిషి భుజం మీద తల ఆనించింది.